లెడ్ జెపెలిన్‌లో నాలుగో మనిషి: జాన్ పాల్ జోన్స్ మంద్రస్వరం

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ పేరు చెప్పగానే చాలామందికి గుర్తుకు వచ్చేవి రెండు. ఒకప్పుడు ప్రపంచంలోనే అతి పొడవైనదిగా పేరు పొందిన 1,072.5 మీటర్ల రైల్వే ప్లాట్‌ఫారం ఒకటి. 1951లో హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో ప్రారంభమైన దేశపు తొలి ఐఐటీ మరొకటి. తెలుగువారికి ఈ ఊరితో మూడో బంధం కూడా ఉంది. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో ఉత్తరాంధ్ర నుంచి పని వెతుక్కుంటూ వచ్చి, వర్క్‌షాపులోనూ, లైన్ల మీదా స్థిరపడిన కుటుంబాలు ఇక్కడ తరతరాలుగా తెలుగు మాట్లాడుతూనే ఉన్నాయి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాషా ప్రతిపత్తి ఇవ్వడానికి ప్రధానంగా ఈ జనాభాయే కారణం.

ఈ ఊరిలో పాశ్చాత్య సంగీతం కొత్తది కాదు. రైల్వేలో పనిచేసిన ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు పియానోను, గిటారును, నృత్యవాద్య బృందాలను రైల్వే కాలనీలకు ఏనాడో పరిచయం చేశాయి. నేడు ఆ స్థానంలో ఐఐటీ విద్యార్థుల వసంతోత్సవం ‘స్ప్రింగ్ ఫెస్ట్’ ఉంది. అందులో ‘వైల్డ్‌ఫైర్’ పేరిట జరిగే రాక్ బృందాల పోటీకి దూర ప్రాంతాల నుంచి యువ వాద్యకారులు వస్తారు. అటువంటి వేదిక ముందు నిలుచున్న ప్రేక్షకుల చూపు గాయకుడి మీద ఉంటుంది, లేదా ముందుకు వంగి తీగలు మీటే లీడ్ గిటారిస్టు మీద ఉంటుంది, కాకుంటే డ్రమ్ముల వెనుక చెమటోడ్చే మనిషి మీద ఉంటుంది. ఒక పక్కగా, కాస్త వెనుకగా, నాలుగు లావుపాటి తీగల వాద్యంతో నిలబడిన వ్యక్తిని చూసేవారు తక్కువ. ఆయన వాయించడం ఆపేస్తే మాత్రం ఏదో తగ్గిందని అందరికీ తెలుస్తుంది. ఏమి తగ్గిందో చెప్పగలిగేవారు కొందరే.

ఆ స్థానంలో నిలిచినవారి ప్రతిభను ఎలా వినాలో తెలుసుకోవడానికి బ్రిటిష్ రాక్ బృందం లెడ్ జెపెలిన్ సభ్యుడు జాన్ పాల్ జోన్స్‌ను మించిన ఉదాహరణ దొరకడం కష్టం. బృందంలో మిగిలిన ముగ్గురి పేర్లు, అంటే గిటారిస్టు జిమ్మీ పేజ్, గాయకుడు రాబర్ట్ ప్లాంట్, డ్రమ్మర్ జాన్ బోనమ్ పేర్లు చెప్పి, నాలుగో పేరు దగ్గర తడుముకునే అభిమానులు నేటికీ కనిపిస్తారు.

ముందుగా వాద్యం సంగతి. ఖరగ్‌పూర్ ఐఐటీ మొదలైన 1951లోనే అమెరికాలో లియో ఫెండర్ అనే వాద్య నిర్మాత ‘ప్రెసిషన్ బాస్’ను విపణిలోకి తెచ్చారు. అంతకుముందు జాజ్ బృందాలలో మంద్రస్వరాన్ని పలికించే బాధ్యత మనిషెత్తు ఉండే డబుల్ బాస్‌ది. దానిని మోయడం కష్టం, డ్రమ్ముల హోరులో అది వినిపించడం మరీ కష్టం. పైగా దానికి మెట్లు ఉండవు కనుక వేలు వెంట్రుకవాసి జరిగినా శ్రుతి తప్పుతుంది. ఫెండర్ మెట్లు అమర్చి, విద్యుత్తు జోడించి, భుజానికి తగిలించుకునేలా చేశారు. ఆ మెట్ల వల్ల వచ్చిన కచ్చితత్వమే వాద్యానికి పేరైంది.

బాస్ గిటారుకు సాధారణంగా నాలుగు తీగలు. సాధారణ గిటారులోని కింది నాలుగు తీగలకు సరిగ్గా ఒక స్థాయి దిగువన అవి పలుకుతాయి. అన్నింటికంటే లావైన తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. ఆ ధ్వని తరంగం పొడవు ఎనిమిది మీటర్లకు పైనే. అంత పెద్ద తరంగాన్ని పుట్టించడానికి పెద్ద స్పీకరు, బలంగా కదిలే గాలి కావాలి. గోరంత స్పీకరు గల మొబైల్ ఫోనుకూ, చేతిలో ఇమిడే ట్రాన్సిస్టర్‌కూ అది శక్తికి మించిన పని. అవి మూలస్వరాన్ని దాదాపుగా వదిలేసి, దాని పైనున్న అనుస్వరాలను మాత్రమే వినిపిస్తాయి. చిత్రమేమిటంటే, మానవ మెదడు ఆ అనుస్వరాల మధ్య దూరాన్ని బట్టి లేని మూలస్వరాన్ని తానే ఊహించుకుంటుంది. అందుకే ఫోనులో పాట విన్నవారికి బాస్ ‘ఉన్నట్టు’ తోస్తుందే గానీ, అందులోని కదలిక, వేలి ఒత్తిడి, స్వరం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందన్న వివరం చేరవు. బాస్ వాద్యకారులకు దక్కవలసిన గుర్తింపు దక్కకపోవడానికి సగం కారణం శ్రోతల అశ్రద్ధ కాదు, వారి చేతిలోని పరికరం. మంచి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వినమని సంగీతజ్ఞులు చెప్పేది ఇందుకే.

కర్ణాటక సంగీతానికి అలవాటుపడిన చెవికి ఈ వాద్యపు పాత్రను రెండు పోలికలతో దగ్గర చేయవచ్చు. తంబురాలా అది ఆధార స్వరాన్ని నిలబెడుతుంది. మృదంగంలా తాళానికి కట్టుబడుతుంది. అయితే తంబురా కదలదు, మృదంగం రాగం పలకదు. బాస్ గిటారు ఈ రెండు పనుల మధ్య నిలబడి, డ్రమ్ము చెప్పే లెక్కను స్వరంగా మార్చి గాయకుడికి అందిస్తుంది. ఆ వాద్యకారుడు ఎంచుకున్న ఒక్క స్వరాన్ని బట్టి పైన పాడుతున్న అదే వాక్యం సంతోషంగానో, దిగులుగానో వినిపిస్తుంది.

జోన్స్ అసలు పేరు జాన్ బాల్డ్విన్. 1946 జనవరి 3న ఇంగ్లండులోని కెంట్ ప్రాంతంలో, సిడ్‌కప్‌లో జన్మించారు. తండ్రి జో బాల్డ్విన్ పియానో వాద్యకారుడు, నృత్యవాద్య బృందాలకు స్వరాలు అమర్చిన అనుభవజ్ఞుడు. ఇంట్లోనే సంగీతం నేర్చుకున్న కొడుకు 14 ఏళ్ళకే స్థానిక చర్చిలో ఆర్గన్ వాయించారు. ఈ వివరాన్ని గుర్తుంచుకోవాలి, ఎందుకంటే చర్చి ఆర్గన్ వాయించేవారు రెండు చేతులతోపాటు పాదాలతో కూడా మంద్రస్వరాలను పలికిస్తారు. ఆయనకు మంద్రస్వరం ఒక వాద్యానికి పరిమితమైన విషయం కాకపోవడానికి బీజం అక్కడే పడింది.

1964 నుంచి నాలుగేళ్ళపాటు ఆయన లండన్ స్టూడియోలలో వందలాది రికార్డింగులకు పనిచేశారు. రోలింగ్ స్టోన్స్ బృందం పాడిన ‘షీ ఈజ్ ఎ రెయిన్‌బో’కు తీగవాద్యాల అమరిక ఆయనదే. డోనోవన్ పాడిన ‘మెలో యెల్లో’కు స్వరరచన అమర్చినదీ ఆయనే. స్టూడియో వాద్యకారుడి బతుకు ఒక రకంగా రైల్వే రిలీఫ్ ఉద్యోగి బతుకు వంటిది. ఏ రోజు ఏ పనికి పిలుపు వస్తుందో తెలియదు, పిలిచిన చోట తప్పు లేకుండా పని ముగించి వెళ్ళాలి. పాట పేరు ఊరంతా తెలుస్తుంది, వాయించినవారి పేరు రికార్డు అట్ట మీద కూడా ఉండకపోవచ్చు. ఆ కాలంలో అమెరికాలోని మోటౌన్ సంస్థ పాటలకు బాస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ పరిస్థితీ అదే. కోట్లమంది విన్న ఆయన వేలి పనితనానికి దీర్ఘకాలం పేరు లేదు. జోన్స్ తనను ప్రభావితం చేసినవారిలో మోటౌన్ వాద్యకారులను ప్రత్యేకంగా చెప్పుకుంటారు.

1968లో జిమ్మీ పేజ్ కొత్త బృందాన్ని కూర్చుతున్నారని తెలిసి, భార్య ప్రోద్బలంతో జోన్స్ ఆయనను సంప్రదించారు. ఆ ఆగస్టులో నలుగురూ లండన్‌లోని గెరార్డ్ వీధిలో ఒక చిన్న నేలమాళిగ గదిలో తొలిసారి కలిసి వాయించారు. మొట్టమొదట ఎత్తుకున్న పాట ‘ట్రెయిన్ కెప్ట్ ఎ రోలిన్’, అనగా ఆగకుండా సాగిపోయే రైలు పాట. ఆ పాట ముగిసేసరికే ఈ బృందం నిలుస్తుందని నలుగురికీ అర్థమైంది. కొద్ది వారాలలో, మొత్తం 36 గంటల స్టూడియో సమయంలో రికార్డు చేసిన తొలి ఆల్బం 1969 జనవరిలో విడుదలైంది. అందులో మొదటి పాట ‘గుడ్ టైమ్స్ బ్యాడ్ టైమ్స్’ ప్రధాన స్వరగుచ్ఛం జోన్స్ కూర్చినదే. మళ్ళీ మళ్ళీ వచ్చే అటువంటి స్వరగుచ్ఛాన్ని రాక్ సంగీతకారులు రిఫ్ అంటారు.

ఆయన వాదనంలో ఏమి వినాలి? అదే సంవత్సరం వచ్చిన రెండో ఆల్బంలోని ‘ది లెమన్ సాంగ్’తో మొదలుపెట్టడం మేలు. ఆరు నిమిషాలు దాటిన ఈ పాటలో జోన్స్ వాయించినది చాలావరకు అప్పటికప్పుడు మనోధర్మంగా అల్లినది. మధ్యభాగంలో గిటారు తగ్గి, గాయకుడు మాట్లాడుతున్నట్టు పాడుతూ ఉంటే, ఆ ఖాళీని బాస్ ఒక్కటే నింపుతుంది. అయినా ఎక్కడా అది ఏకవాద్య ప్రదర్శన కాలేదు. ఒక్కొక్క పలుకు గాయకుడి వాక్యం ముగిసిన చోట పుట్టి, తరువాతి వాక్యం మొదలయ్యేలోపు తప్పుకుంటుంది. కచేరీలో గాయకుడిని నీడలా అనుసరించే వయొలిన్ విద్వాంసులను విన్నవారికి ఈ సంస్కారం వెంటనే పట్టుబడుతుంది.

అదే ఆల్బంలోని ‘రాంబుల్ ఆన్’ మరో రకం పనితనం. చరణంలో గిటారు మెత్తగా, తాళం చేత్తో తట్టినంత తేలికగా సాగుతాయి. ఆ భాగంలో బాస్ తన సహజమైన అడుగు స్థాయిని వదిలి పైకి వచ్చి, వీణపై జారులా ఒక స్వరం నుంచి మరో స్వరానికి పాకుతూ దాదాపు రెండో గాయకుడిలా పలుకుతుంది. పల్లవి రాగానే గిటారు, డ్రమ్ము ఒక్కసారిగా విజృంభిస్తాయి. సరిగ్గా అప్పుడు జోన్స్ తన అలంకారాలన్నీ మాని కిందికి దిగి, బరువు మోసే పని చేపడతారు. ఇతరులు తగ్గినప్పుడు తాను పెరగడం, ఇతరులు పెరిగినప్పుడు తాను తగ్గడం ఆయన పద్ధతి. వేగంగా వాయించడం అభ్యాసంతో వస్తుంది, ఈ విచక్షణ వాద్యబృందంలో కూర్చున్న ఏళ్ళతోనే వస్తుంది. పోటీలకు వెళ్ళే యువ బాస్ వాద్యకారులు సాధారణంగా మొదటిదాని మీదే ఎక్కువ కాలం వెచ్చిస్తారు.

1971 నవంబరులో వచ్చిన నాలుగో ఆల్బంలోని ‘బ్లాక్ డాగ్’ కథ ఖరగ్‌పూర్ వంటి రైల్వే పట్టణంలో చెప్పుకోదగ్గది. పాంగ్‌బోర్న్‌లోని పేజ్ ఇంట్లో సాధన ముగించుకుని తిరిగి వస్తూ, రైల్లో కూర్చుని జోన్స్ ఈ రిఫ్‌ను కాగితం మీద పెట్టారు. స్వరాలను అంకెలతో రాసుకునే తేలికైన పద్ధతిని ఆయనకు చిన్ననాడు తండ్రి నేర్పారు. మన సరిగమల లిపికి అది దూరపు చుట్టం అనవచ్చు. రాసుకున్నది బహుశా టికెట్టు మీదే అయి ఉంటుందని ఆయన తరువాతి కాలంలో గుర్తు చేసుకున్నారు.

ఆ రిఫ్‌లోని గమ్మత్తు తాళంలో ఉంది. బోనమ్ డ్రమ్ము నాలుగు అక్షరాల లెక్కను చెక్కుచెదరకుండా కొడుతుంది. గిటారు, బాస్ కలిసి వాయించే స్వరగుచ్ఛం మాత్రం ఆ లెక్కలో ఇమడదు. ఒక చోట సగం అక్షరం ముందుగా, మరోచోట ఆలస్యంగా పడుతూ, సమం తప్పిందేమోనని శ్రోతను కంగారు పెట్టి, చివరకు సరైన చోట వచ్చి వాలుతుంది. మృదంగ విద్వాంసులు మోరాను ఎడుపు నుంచి ఎత్తుకుని సమం దగ్గర ముగించడం ఎరిగినవారు దీనిని వింటే చిరునవ్వు నవ్వుతారు. రాక్ పాటలో నృత్యం చేయడానికి లేచినవారు మాత్రం ఈ చోట అడుగు తడబడతారు. ఆ పాటను కొత్తగా నేర్చుకునే బృందాలూ ఇక్కడే విడిపోతాయి.

1975లో ‘ఫిజికల్ గ్రాఫిటీ’ ఆల్బంలో వచ్చిన ‘కశ్మీర్’లో లెక్క ఇంకా స్పష్టం. డ్రమ్ము చతురశ్రంలో, రిఫ్ త్రిశ్రంలో నడుస్తాయి. మూడు నాలుగులూ, నాలుగు మూడులూ పన్నెండే కనుక పన్నెండు అక్షరాలకొకసారి రెండూ కలుసుకుంటాయి. పాటకు ఆ తూర్పుదేశపు గాంభీర్యాన్ని ఇచ్చిన తీగవాద్యాల, ఇత్తడి వాద్యాల అమరిక, మెలోట్రాన్ వాదనం జోన్స్‌వి. స్టూడియోలో వాద్యబృందాలకు స్వరాలు రాసిన నాలుగేళ్ళ అనుభవం ఇక్కడ ఫలించింది.

‘సిన్స్ ఐ హావ్ బీన్ లవింగ్ యూ’ అనే 1970 నాటి పాటలో బాస్ గిటారే లేదు. అందులో మంద్రస్వరాలను జోన్స్ హామండ్ ఆర్గన్ కింద ఉండే పెడళ్ళతో, పాదాలతో వాయించారు. చేతులు అదే సమయంలో పై స్వరాలు పలికిస్తున్నాయి. 14 ఏళ్ళ వయసులో చర్చిలో నేర్చినది వృథా పోలేదు. ‘స్టెయిర్‌వే టు హెవెన్’ ఆరంభంలో వినిపించే పిల్లనగ్రోవి వంటి రికార్డర్ ధ్వని, 1973 నాటి ‘నో క్వార్టర్’లోని కీబోర్డు కూడా ఆయనవే. 1976లో ‘అకిలీస్ లాస్ట్ స్టాండ్’కు ఆయన ఎనిమిది తీగల బాస్‌ను వాడారు. అంతకుముందు ఏళ్ళలో ఎక్కువగా నమ్ముకున్నది స్టూడియో రోజుల నాటి ఫెండర్ జాజ్ బాస్‌నే.

లెడ్ జెపెలిన్‌కు భారతదేశంతో ఒక చిన్న సంబంధం ఉంది. 1972లో పేజ్, ప్లాంట్ బొంబాయి వచ్చి, స్థానిక వాద్యకారులతో ‘ఫ్రెండ్స్’, ‘ఫోర్ స్టిక్స్’ పాటలను మళ్ళీ రికార్డు చేశారు. ఆ రికార్డింగు అధికారికంగా 2015లో గానీ వెలుగు చూడలేదు. అందులో జోన్స్ లేరు.

ఆయన లేకపోవడం అదే మొదటిసారి కాదు, చివరిసారి కూడా కాదు. ‘కశ్మీర్’ గీత రచయితలుగా నమోదైనవి బోనమ్, పేజ్, ప్లాంట్ పేర్లే. పాట ఏ అమరిక వల్ల గుర్తుండిపోయిందో ఆ అమరిక చేసినవారి పేరు రచయితల వరుసలో కనిపించదు. రాక్ సంగీతంలో పాటను రాసినవారికి దక్కే రాబడి వేరు, వాయించినవారికి దక్కేది వేరు. కనుక ఇది కేవలం గౌరవానికి సంబంధించిన మాట కాదు. బాస్ వాద్యకారుల విషయంలో ఈ గీత ఎక్కడ గీయాలన్నది నేటికీ తెగని ప్రశ్న. ఒక పాటలో బాస్ రిఫ్‌ను తీసేస్తే పాటే మిగలనప్పుడు, దానిని కూర్చినవారు రచయిత కారా? ‘బ్లాక్ డాగ్’ రచయితలలో జోన్స్ పేరు ఉంది కనుక బృందం ఆ ప్రశ్నకు ఒక్కో పాటకు ఒక్కో విధంగా జవాబు చెప్పినట్టు కనిపిస్తుంది.

1980 సెప్టెంబరు 25న బోనమ్ ఆకస్మికంగా మరణించారు. ఆయన స్థానంలో మరొకరిని తీసుకోకుండా, అదే ఏడాది డిసెంబరులో మిగిలిన ముగ్గురూ బృందాన్ని ముగించారు. 1994లో పేజ్, ప్లాంట్ తిరిగి కలిసి పాత పాటలను కొత్త అమరికతో ప్రదర్శించారు. జోన్స్‌కు పిలుపు రాలేదు. ఆ ఆల్బంకు వారు పెట్టిన పేరు ‘నో క్వార్టర్’. జోన్స్ కీబోర్డు పలుకుల మీద నిలబడిన పాట పేరది. మరుసటి ఏడాది జనవరిలో లెడ్ జెపెలిన్‌ను అమెరికాలోని రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చినప్పుడు ముగ్గురూ ఒకే వేదికపై నిలిచారు. తన ఫోను నంబరు మిత్రులకు ఎట్టకేలకు గుర్తొచ్చినందుకు కృతజ్ఞతలన్న అర్థం వచ్చేలా జోన్స్ ఒక్క మాట అని ఊరుకున్నారు. ఆయన బాస్ వాదనం లాగానే ఆ మాట కూడా క్లుప్తంగా, పడవలసిన చోట పడింది.

రాక్ చరిత్రలో గొప్ప బాస్ వాద్యకారులందరూ ఇలా వెనుక నిలిచినవారే కాదు. బీటిల్స్ బృందంలో పాల్ మెకార్ట్‌నీ పాడుతూనే బాస్ వాయించారు. ‘ది హూ’ బృందపు జాన్ ఎంట్‌విసిల్ 1965లో వచ్చిన ‘మై జెనరేషన్’ పాటలో లీడ్ గిటారు ఉండవలసిన చోట బాస్‌తోనే ఏకవాద్యం వినిపించారు. మన దేశంలో ఆ వరుసలో చెప్పుకోవలసిన పేరు ఢిల్లీకి చెందిన ‘ఇండియన్ ఓషన్’ బృందపు రాహుల్ రామ్. ఐఐటీ కాన్పూర్‌లో రసాయనశాస్త్రం చదివి, అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ పొందిన ఆయన, నర్మదా బచావో ఆందోళనలో పనిచేస్తూనే 1991లో బృందంలో చేరారు. 2000లో వచ్చిన ‘కాందీసా’ ఆల్బంలోని ‘మా రేవా’ నర్మదా లోయ నుంచి వచ్చిన పాట. తబలా, గిటారు, గానం మధ్య రాహుల్ రామ్ బాస్ నదీప్రవాహపు అడుగునీటిలా సాగుతుంది. ఐఐటీ వసతి గృహాలలో గిటారు పట్టిన విద్యార్థులకు జోన్స్ కంటే దగ్గరి ఉదాహరణ ఆయనే కావచ్చు.

జోన్స్ మాత్రం పిలుపు కోసం ఎదురుచూస్తూ కూర్చోలేదు. 1992లో ఆర్.ఇ.ఎం. బృందపు ‘ఆటోమేటిక్ ఫర్ ది పీపుల్’ ఆల్బంకు తీగవాద్యాల అమరిక చేశారు. 1999లో ‘జూమా’ అనే సొంత ఆల్బం వెలువరించారు. 2007 డిసెంబరు 10న లండన్‌లోని ఓ2 అరీనాలో పేజ్, ప్లాంట్‌లతో కలిసి ఒకే ఒక్క పూర్తి కచేరీ వాయించారు. డ్రమ్ముల వద్ద బోనమ్ కుమారుడు జేసన్ కూర్చున్నారు. ఆ రాత్రి ‘నో క్వార్టర్’ కూడా వాయించారు, ఈసారి కీబోర్డు ముందు ఉన్నది జోన్సే. రెండేళ్ళ తరువాత, 60 ఏళ్ళు దాటిన వయసులో, తనకంటే సుమారు పాతికేళ్ళు చిన్నవారైన డేవ్ గ్రోల్, జాష్ హోమ్‌లతో కలిసి ‘దెమ్ క్రూకెడ్ వల్చర్స్’ అనే కొత్త రాక్ బృందంలో మళ్ళీ బాస్ భుజానికి తగిలించుకున్నారు.